హైదరాబాద్ నుంచి స్కూబా ఎక్స్‌పోకి: ఏం పట్టుకెళ్లాలి, ఏం అడగాలి, ఏం కొనకూడదు

డైవింగ్ సామాను చేత్తో పట్టుకుని చూసి కొనే అవకాశం హైదరాబాద్‌లో తక్కువ. ఫోటో చూసి, నాలుగు రివ్యూలు చదివి ఆర్డరు పెట్టడం, తీరా అండమాన్‌లోని హ్యావ్‌లాక్‌లో నీళ్లలోకి దిగాక మాస్కులోకి నీళ్లు కారుతున్నాయనో బీసీడీ (గాలి నింపి తేలేలా చేసే జాకెట్) పక్కటెముకల్ని నొక్కేస్తోందనో తెలుసుకోవడం ఇక్కడి డైవర్లకు మామూలే. ఎక్స్‌పోకి వెళ్తే ఆ తిప్పలు తప్పుతాయి. పదిహేను రకాల మాస్కులు ఒక్క పూటలో ముఖానికి పెట్టి చూడొచ్చు, తయారుచేసే కంపెనీ మనిషినే నిలబెట్టి అడగొచ్చు. తగ్గింపు ధరల సంగతి ఆ తర్వాత. ఏది కొన్నా అది ఏడాదిలో పది నెలలు మీ బీరువాలోనే ఉంటుంది, దాని సర్వీసు కోసం మీరు వేరే ఊరికి కొరియర్ చేయాల్సి వస్తుంది. అక్కడ వేసే ప్రతి ప్రశ్నా ఈ లెక్క చూసుకుని వేయండి.

1. ఏ షోకి వెళ్లాలో తేల్చుకోండి

అమెరికాలో నవంబర్‌లో జరిగే డీమా షో పేరు ఎక్కువ వినిపిస్తుంది. అది డైవింగ్ వ్యాపారంలో, వృత్తిలో ఉన్నవాళ్ల కోసం పెట్టేది. సరదాగా డైవింగ్ చేసేవాళ్లు దాన్ని పక్కన పెట్టేయొచ్చు. జర్మనీలో జనవరిలో జరిగే బూట్ డ్యూసెల్‌డార్ఫ్‌కి ఎవరైనా టికెట్ కొనుక్కుని వెళ్లొచ్చు. అది పడవల ప్రదర్శన, అందులో డైవింగ్ ఒక భాగం. పైగా షెంగెన్ వీసా తీసుకోవాలి, జనవరి చలి తట్టుకోవాలి. యూరప్ ప్రయాణం ఎలాగూ ఉంటే తప్ప దానికోసమే వెళ్లడం దండగ.

మనకు వీలుగా ఉండేవి ఆసియా షోలు. సింగపూర్‌లో ఏడెక్స్ సాధారణంగా ఏప్రిల్‌లో, బ్యాంకాక్‌లో టీడెక్స్ ఎక్కువగా మే ప్రాంతంలో జరుగుతాయి. కౌలాలంపూర్‌లో మైడ్ ఉంటుంది. మూడింటికీ మామూలు జనం వెళ్లొచ్చు, మూడు ఊళ్లకూ శంషాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు మా ఓటు సింగపూర్‌కే. సామాను కంపెనీలు, శిక్షణ సంస్థలు, రిసార్టులు, ఫోటోగ్రఫీ వాళ్లు అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి, భాషతోనూ ఇబ్బంది లేదు. డైవ్ ట్రిప్పు కూడా కలుపుకోవాలంటే బ్యాంకాక్ బాగుంటుంది. ఏ షో అయినా తేదీలు, వేదిక నిర్వాహకుల సైట్‌లో చూసుకున్నాకే విమానం టికెట్ కొనండి.

2. కాగితాలు

సింగపూర్‌కి మనవాళ్లు ముందే వీసా తీసుకోవాలి, హైదరాబాద్‌లోని అధీకృత ఏజెంట్ల ద్వారా ఆన్‌లైన్‌లో వచ్చేస్తుంది. ఎస్‌జీ అరైవల్ కార్డును దిగే రోజుతో కలిపి మూడు రోజుల్లోపు నింపాలి. అది ఉచితం, డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది నకిలీదే. థాయ్‌లాండ్‌కి 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి చేశారు. భారతీయులకు ఆ దేశపు వీసా నిబంధనలు ఈమధ్య తరచూ మారుతున్నాయి కాబట్టి బయల్దేరే నెలలో మరోసారి సరిచూసుకోండి. ఇంకో మాట: సింగపూర్‌లో గుట్కా, ఖైనీ, ఈ-సిగరెట్ నిషేధం. జేబులో పొట్లం మిగిలినా ఇబ్బందే.

3. ఇంట్లోనే చేసుకోవాల్సిన పని

ఒక కాగితం మీద మీ కొలతలు రాసుకోండి: ఎత్తు, బరువు, ఛాతీ, నడుము, పిరుదులు, మెడ, పాదం పొడవు, అన్నీ సెంటీమీటర్లలో. ఒక్కో కంపెనీ సైజు పట్టిక ఒక్కోలా ఉంటుంది. ఒకరి దగ్గర మీడియం అయినవాళ్లు ఇంకొకరి దగ్గర లార్జ్ అవుతారు, ఇటలీ కంపెనీల సైజులైతే మరీ బిగుతు. కళ్లజోడు ఉంటే తాజా పవర్ చీటీ దగ్గర పెట్టుకోండి.

ఇప్పటికే రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని పీల్చుకునేలా అందించే పరికరం) ఉంటే దాని ఫస్ట్ స్టేజిని, అంటే సిలిండర్‌కి బిగించే భాగాన్ని, నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసుకోండి. గొట్టాలు బిగించే రంధ్రాలు (పోర్టులు) ఎన్ని ఖాళీగా ఉన్నాయో, సీరియల్ నంబరు ఎంతో కనబడాలి. డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం లెక్కగట్టి చూపేది) కొత్తగా కొన్నా, దానికి సిలిండర్ పీడనం పంపే ట్రాన్స్‌మిటర్ పెట్టించుకున్నా, గొట్టం మార్చినా ఈ ఫోటో చూపిస్తే సగం మాటలు తగ్గుతాయి.

సంచిలో ఇవి పెట్టుకోండి: మీ డైవింగ్ బూట్లు, ఒక పలుచని లైక్రా చొక్కా, కింద వేసుకునే ఈత దుస్తులు, కొలత టేపు, మీ మౌత్‌పీస్ (రెగ్యులేటర్‌ని నోట్లో పట్టుకునే రబ్బరు ముక్క), సర్టిఫికేషన్ కార్డు ఫోటో. బూట్లు మర్చిపోతే వెనక పట్టీ ఉండే ఫిన్స్ (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు) వేసి చూడటం కుదరదు, షో పిల్లలు ఇచ్చే జత మీ పాదానికి సరిపోదు.

కొన్ని షోలలో చిన్న కొలను పెట్టి సామాను వేసుకుని దిగనిస్తారు. దిగేముందు ఆరోగ్య ప్రశ్నపత్రం ఇస్తారు, అందులో ఒక్కదానికి అవునని రాసినా డాక్టర్ సంతకం అడగొచ్చు. బీపీ, ఆస్తమా, షుగర్, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే ఇక్కడే మీ డాక్టరుతో ఆ ఫారం మీద సంతకం పెట్టించుకోండి. అక్కడికెళ్లాక అబద్ధం రాయాలని బుద్ధి పుడుతుంది. గాలి పీలుస్తూ చేసే పనిలో ఆ అబద్ధం ప్రమాదం.

మీ దగ్గరున్న పాత కెమెరా, కంప్యూటర్ లాంటి ఖరీదైన సామాను తీసుకెళ్తుంటే శంషాబాద్‌లో బయల్దేరేముందు కస్టమ్స్ కౌంటర్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. సీరియల్ నంబరుతో సహా రాస్తారు. తిరిగొచ్చేటప్పుడు ఇది కొత్తది కాదని వాదించే పని తప్పుతుంది. దీనికి కాస్త సమయం పడుతుంది, కాబట్టి చెక్-ఇన్‌కి ఇచ్చేముందే చూసుకోండి.

4. ఏ రోజు, ఏ పూట

మూడు రోజుల షో అయితే రెండు రోజులు వెళ్లండి. మొదటి రోజు తలుపులు తీసిన గంటలో జనం తక్కువ, స్టాళ్లలో విషయం తెలిసినవాళ్లు ఓపిగ్గా ఉంటారు. మాస్కులు, బీసీడీలు వేసి చూడటం, సాంకేతిక ప్రశ్నలు అడగడం అప్పుడే పూర్తి చేసుకోవాలి. మధ్యాహ్నం నుంచి వాళ్లు డీలర్లతో కూర్చుంటారు, మిమ్మల్ని పట్టించుకోరు. రెండో రోజు జనం తాకిడి, ఆ రోజు ఊరు చూసుకోండి. ఆఖరి రోజు మధ్యాహ్నం మూడు దాటాక ధరలు దిగుతాయి, సామాను వెనక్కి మోసుకెళ్లడం వాళ్లకూ ఇష్టం ఉండదు.

నుమాయిష్‌లో తిరిగినట్టు వరసగా అన్ని స్టాళ్లూ చూసుకుంటూ పోతే మూడో వరసకే కాళ్లు పడిపోతాయి. ముందు హాలు మ్యాపులో మీకు కావాల్సిన ఏడెనిమిది స్టాళ్లను గుర్తు పెట్టుకుని, ఆ క్రమంలో వెళ్లండి. కరపత్రాలు వద్దు, ఫోటో తీసుకోండి. విజిటింగ్ కార్డు తీసుకుంటే దాని వెనక ఏం మాట్లాడుకున్నారో అక్కడికక్కడే రెండు ముక్కలు రాయండి, సాయంత్రానికి ఏ కార్డు ఎవరిదో గుర్తుండదు.

ఏడెక్స్ చాలా ఏళ్లుగా సన్‌టెక్ ప్రదర్శన కేంద్రంలో జరుగుతోంది. అక్కడ జరిగిన ఏడాది వెళ్తే హాలు తిండి మీద ఆధారపడక్కర్లేదు. దగ్గర్లోని ప్రోమెనేడ్ మెట్రో స్టేషన్లో డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే మూడో స్టాపు లిటిల్ ఇండియా, ఇడ్లీ సాంబారుకి కొదవలేదు.

5. మాస్కు: గంటసేపు పట్టినా పర్వాలేదు

షోలో కచ్చితంగా కొనదగినది ఇదే. చిన్నది, తేలికది, సర్వీసు అక్కర్లేదు, సరిపోయిందో లేదో అక్కడే తేలిపోతుంది.

పరీక్ష ఇలా చేయండి. జుట్టు వెనక్కి తీసి, మాస్కు పట్టీని అద్దం ముందువైపుకి మడవండి. తల పైకెత్తి సీలింగ్ చూస్తూ మాస్కును ముఖం మీద ఊరికే ఆనించండి, నొక్కొద్దు. పక్కనున్నవాళ్లను అంచు చుట్టూ చూడమనండి. కణతల దగ్గర, ముక్కు కింద, నవ్వితే గీత పడే చోట ఖాళీ కనిపిస్తే ఆ మాస్కు మీది కాదు. ఖాళీ లేకపోతే నోట్లో మౌత్‌పీస్ పెట్టుకుని ముక్కుతో కొంచెం గాలి పీల్చండి. మాస్కు చేత్తో పట్టుకోకుండా నిలబడాలి. మౌత్‌పీస్ ఎందుకంటే, అది పెట్టుకోగానే పైపెదవి ఆకారం మారుతుంది, ఖాళీ నోటితో బాగా అతుక్కున్న మాస్కు కూడా అప్పుడు వదిలేస్తుంది. చాలామంది చేసే పొరపాటు గట్టిగా నొక్కి, బలంగా పీల్చడం. అలా చేస్తే ఎవరి ముఖానికైనా ఏ మాస్కయినా అతుక్కుంటుంది.

తర్వాత ముక్కు దూలం, నుదురు. ఫ్రేమ్ నుదుటికి తగులుతుంటే హాల్లో తెలియదు, నీళ్లలో ఇరవై నిమిషాలకు తలనొప్పి మొదలవుతుంది. ఐదు నిమిషాలు తీయకుండా అలాగే పెట్టుకుని తిరగండి, నలుగురు చూసి నవ్వినా సరే. ముక్కు సంచిని రెండు వేళ్లతో పట్టుకుని మూయడం తేలికగా ఉండాలి, చెవుల ఒత్తిడి సరిచేసుకోవడం దానిమీదే ఆధారపడి ఉంది.

మీసం ఉన్నవాళ్లకు కింది అంచు వెంట్రుకల మీద ఆనుతుంది, నీళ్లు కారుతూనే ఉంటాయి. ముక్కు కింద సన్నగా ఒక గీత గొరిగించుకుంటే చాలావరకు తగ్గుతుంది. అద్దం మీద టెంపర్డ్ అని గానీ టీ అక్షరం గానీ ఉందో లేదో చూడండి. పవర్ ఉన్నవాళ్లు రెండు వేర్వేరు అద్దాలున్న మోడల్ అడగండి, వాటికి రెడీమేడ్ మైనస్ అద్దాలు అర పాయింటు తేడాలతో దొరుకుతాయి. రెండు కళ్లకూ వేర్వేరు పవర్లయినా అక్కడే బిగించి ఇస్తారు. సిలిండర్ పవర్ ఎక్కువుంటే రెడీమేడ్‌లో దొరకదు, ప్రత్యేకంగా చేయించాలి.

6. రెగ్యులేటర్: ఎక్కువ ప్రశ్నలు ఇక్కడే

మొదట సిలిండర్ వాల్వు సంగతి. రెగ్యులేటర్‌ని పైనుంచి పట్టులా బిగించేది యోక్, మరలాగా లోపలికి తిప్పి బిగించేది డిన్. అండమాన్‌లో, థాయ్‌లాండ్‌లో, మాల్దీవుల్లో అద్దె సిలిండర్లకు ఎక్కువగా యోక్ వాల్వు ఉంటుంది, యూరప్‌లో డిన్. యోక్ 232 బార్ వరకే, డిన్‌లో 300 బార్ రకం కూడా ఉంది. మీ డైవింగ్ అంతా అండమాన్, కర్ణాటకలోని నేత్రాణి, థాయ్‌లాండ్ అయితే యోక్ తీసుకుని హాయిగా ఉండండి. ఎర్ర సముద్రం, యూరప్ కూడా ఆలోచనలో ఉంటే డిన్ ఫస్ట్ స్టేజి, దానికి యోక్ అడాప్టర్ కొనండి. అడాప్టర్ వల్ల కొంచెం బరువు, కొంచెం పొడవు పెరుగుతాయి, కొందరికి తల వెనక తగులుతుంది.

రెండోది చల్లటి నీళ్ల కోసం సీల్ చేసిన మోడళ్ల మీద అమ్మకందారు ఎంత ఊదరగొట్టినా తొందరపడొద్దు. యూరప్ ప్రమాణం ఈఎన్ 250 కింద 10 డిగ్రీల కంటే చల్లటి నీటికి పనికిరాని రెగ్యులేటర్ల మీద ఆ సంగతి ముద్రిస్తారు. అండమాన్ నీళ్లు 27 నుంచి 30 డిగ్రీలు. మనకు ఆ ముద్ర ఉన్నదైనా చాలు. కాకపోతే సీల్ చేసిన ఫస్ట్ స్టేజిలోకి ఉప్పునీళ్లు, ఇసుక పోవు. ధరలో తేడా తక్కువైతే ఆ కారణానికి తీసుకోవచ్చు.

మూడోది సర్వీసు, అసలు కథ ఇదే. కంపెనీలు రెండు రకాలుగా చెబుతాయి: ఏడాదికి లేదా 100 డైవ్‌లకు, ఏది ముందైతే అది అని కొన్ని, రెండేళ్లకు లేదా 100 డైవ్‌లకు అని కొన్ని. ఏటా ఇరవై డైవ్‌లు చేసేవాళ్లకు వంద ఎప్పటికీ ముందు రాదు, కేలండరే ముందొస్తుంది. కాబట్టి రెండేళ్ల గడువున్నది తీసుకుంటే సర్వీసు ఖర్చు, కొరియర్ ఖర్చు సగానికి దిగుతాయి. మరి వాడకపోతే సర్వీసు ఎందుకంటారా? బీరువాలో ఊరికే ఉన్నా లోపలి రబ్బరు రింగులు ఎండుతాయి, సెకండ్ స్టేజి (నోట్లో పెట్టుకునే భాగం) లోపల గాలి దారిని మూసే సీటు మీద గాడి పడుతుంది. అప్పుడు సెకండ్ స్టేజి నుంచి గాలి దానంతట అది బుసకొడుతుంది. తక్కువ వాడే హైదరాబాద్ డైవర్లకు ఎక్కువగా ఎదురయ్యే లోపం ఇదే.

స్టాల్లో మొహమాటపడకుండా ఇవి అడిగి, జవాబు రాసుకోండి:

- భారత్‌లో ఈ కంపెనీ రెగ్యులేటర్లకు అధీకృత సర్వీసు ఎక్కడ ఉంది? ఊరు పేరు, సెంటరు పేరు చెప్పమనండి. ‘ఆసియా అంతా ఉంది’ అంటే జవాబు కాదు.
- సింగపూర్‌లో కొన్నదానికి భారత్‌లో వారంటీ వర్తిస్తుందా? వర్తిస్తే కాగితం మీద రాసిస్తారా?
- సర్వీస్ కిట్ పార్ట్ నంబరు ఎంత? ఇప్పుడే రెండు కిట్లు కొనొచ్చా? కొన్ని కంపెనీలు కిట్లు డీలర్లకే ఇస్తాయి, ఆ సంగతి ముందే తెలియడం మంచిది.
- ఈ మోడల్ తయారీ కొనసాగుతోందా, ఆపేస్తున్నారా?

మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే ఎంత తగ్గించినా వదిలేయండి.

షోలో గాలి ఎక్కించి చూపించరు గాబట్టి చేత్తో చేయదగిన పరీక్ష ఒకటే: ఫస్ట్ స్టేజికి డస్ట్ క్యాప్ (గాలి లోపలికి వెళ్లే చోట ఉండే మూత) బిగించి ఉండగా సెకండ్ స్టేజిని నోట్లో పెట్టుకుని పీల్చండి. గాలి రాకూడదు. వస్తే డయాఫ్రం దగ్గరో, గాలి వదిలే వాల్వు దగ్గరో సందుంది. సెకండ్ స్టేజి బరువు ఎంతో, దవడ మీద లాగుతోందో లేదో చూడండి, చిన్న ముఖం ఉన్నవాళ్లకు ఇది ముఖ్యం. పోర్టులు లెక్కపెట్టండి: సెకండ్ స్టేజికి ఒకటి, ఆక్టోపస్‌కి (అదనపు సెకండ్ స్టేజి) ఒకటి, బీసీడీకి ఒకటి, అంటే మూడు లో ప్రెషర్ పోర్టులు కనీసం కావాలి. హై ప్రెషర్ పోర్టులు రెండుంటే గేజీతో పాటు ట్రాన్స్‌మిటర్ కూడా పెట్టుకోవచ్చు.

7. బీసీడీ, వెట్‌సూట్, ఫిన్స్

బీసీడీని లైక్రా చొక్కా మీద వేసుకుని, పట్టీలన్నీ బిగించి, అదనపు గాలిని వదిలే ప్రెషర్ వాల్వు తెరుచుకునేదాకా నోటితో గాలి ఊదండి. అప్పుడు గుండెల నిండా ఊపిరి తీయండి. పక్కటెముకలు నొక్కుతుంటే ఒక సైజు పెద్దది కావాలి. గాలి నిండి ఉండగానే గాలి తీసేసే అన్ని డంప్ వాల్వుల తాళ్లూ రెండు చేతులకూ అందుతున్నాయా, బరువు జేబుల్ని ఒక్క చేత్తో లాగి తీయగలుగుతున్నారా చూడండి. వెనక సిలిండర్ పట్టీ మామూలు 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండరుకి సరిపోవాలి, దాని వ్యాసం 184 మిల్లీమీటర్లు. విమానాల్లో తిరిగేవాళ్లకు రెండు, రెండున్నర కిలోల ట్రావెల్ మోడల్ బరువు ఆదా చేస్తుంది, కానీ వాటిలో కొన్నిటికి వెనక గట్టి పలక ఉండదు, సిలిండర్ అటూ ఇటూ ఊగుతుంది. స్టాల్లో సిలిండర్ ఉంటే కట్టి ఊపి చూడండి.

వెట్‌సూట్ (చలి ఆపే బిగుతు రబ్బరు దుస్తు) మన నీళ్లకు 3 మిల్లీమీటర్ల మందం చాలు. పాదానికి పలుచని ప్లాస్టిక్ కవరు తొడిగి కాలు దూర్చితే సులువుగా ఎక్కుతుంది. నడుము వెనక గుంటలో, చంకల కింద, తొడల మధ్య బట్ట చర్మానికి అంటుకుని ఉండాలి. అక్కడ ఖాళీ ఉంటే నీళ్లు వస్తూ పోతూ ఉంటాయి, 3 కాదు 5 మిల్లీమీటర్లయినా చలే. రెండు చేతులూ పైకెత్తండి, మెడ దగ్గర ఊపిరాడకపోతే వద్దు. ఆఖరి రోజు ప్రదర్శనకు పెట్టినవి చవగ్గా ఇస్తుంటే జిప్పు, కుట్లు రెండువైపులా తిప్పి చూశాకే.

ఫిన్స్ మరీ గట్టివి తీసుకోవద్దు. ఏడాదికి రెండుసార్లు దిగేవాళ్ల పిక్కలు పట్టేస్తాయి. పొడవు సూట్‌కేసులో పడుతుందో లేదో టేపుతో కొలవండి.

8. కంప్యూటర్, టార్చి

కంప్యూటర్ లెక్కగట్టే పద్ధతుల (ఆల్గారిథమ్‌ల) గురించి స్టాళ్లలో గంటలకొద్దీ వాదనలు జరుగుతుంటాయి. సెలవుల్లో 30 మీటర్ల లోపు డైవ్ చేసేవాళ్లకు అంతకంటే ముఖ్యం, ఎండలో అంకెలు కనబడటం, తడి చేత్తో బటన్లు నొక్కగలగడం, నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు ఎక్కువున్న గాలి) సెట్టింగ్ మాన్యువల్ చూడకుండా మార్చగలగడం. ఈ మూడూ స్టాల్లోనే పరీక్షించండి. అమ్మకందారు కాదు, మీరే చేతిలోకి తీసుకుని నైట్రాక్స్ 32కి మార్చండి. మార్చలేకపోతే అది మీకు సరిపడదు.

బ్యాటరీ మీరే మార్చుకోగలిగే మోడల్ హైదరాబాద్ డైవర్‌కి మేలు. సీఆర్ 2032, సీఆర్ 2450 సెల్లు కోఠి గుజరాతీ గల్లీలో వెతికితే దొరుకుతాయి. దొరకనిది మూతకుండే ఆ కంపెనీ ఓ-రింగే, అందుకే షోలోనే రెండు మూడు బ్యాటరీ కిట్లు కొనిపెట్టుకోండి. పాత రింగుతోనే మూత బిగిస్తే ఒకటి రెండు డైవ్‌లలో కంప్యూటర్ నీళ్లు తాగుతుంది. ఛార్జింగ్ రకమైతే బీరువాలో ఉన్నప్పుడు రెండు మూడు నెలలకోసారి కొంత ఛార్జ్ చేస్తూ ఉండాలి.

టార్చి కొంటే లిథియం సెల్లు విడిగా తీసి చేతి సంచిలో, చివరలు ఒకదానికొకటి తగలకుండా డబ్బాలో పెట్టండి. 5,000 ఎంఏహెచ్ 21700 సెల్లు 18 వాట్-అవర్లే, విమానాల 100 వాట్-అవర్ల పరిమితికి ఎంతో తక్కువ. సెల్లు లోపలే ఉంచి సూట్‌కేసులో పడేస్తే బటన్ నొక్కుకుని వెలిగిందంటే నీళ్లు లేనిచోట ఆ లైటు బట్టలు కాల్చేంత వేడెక్కుతుంది.

సిలిండర్, సీసం బరువులు కొనే ఆలోచనే వద్దు. సిలిండర్ దిగుమతికి పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో అనుమతి కావాలి, అదొక తలనొప్పి. ఎక్కడికెళ్లినా అవి అద్దెలో కలిసే వస్తాయి.

9. రిసార్టు, లైవ్‌అబోర్డ్ స్టాళ్లు

లైవ్‌అబోర్డ్ అంటే రాత్రుళ్లు కూడా అందులోనే ఉండి డైవ్ చేసే పడవ. ఈ స్టాళ్లలోనే జేబుకు పెద్ద చిల్లు పడుతుంది. పోస్టరు మీది ధరలో పార్కు ఫీజు, ఇంధనం సర్‌చార్జి, నైట్రాక్స్, సామాను అద్దె, ఒంటరిగా వెళ్తే అదనపు చార్జి ఉన్నాయో లేవో ఒక్కొక్కటే అడిగి మొత్తం రాయించండి. తగ్గింపు ఏ తేదీల మధ్య వర్తిస్తుంది, దసరా, సంక్రాంతి సెలవులు అందులో పడతాయా, రద్దు చేస్తే ఎంత వెనక్కిస్తారు అనేవి కూడా. కనీసం ఎన్ని డైవ్‌లు చేసి ఉండాలో అడగండి, ప్రవాహాలు బలంగా ఉండే ఇండోనేషియాలోని కొమోడో లాంటి చోట్ల కొన్ని పడవలు యాభై అడుగుతాయి. మీ లాగ్‌బుక్‌లో ఇరవై ఉంటే డిపాజిట్ కట్టేముందే ఆ మాట చెప్పాలి. డిపాజిట్ కార్డుతోనే కట్టండి, నగదు వద్దు.

ప్రమాద బీమా స్టాలు దగ్గర పది నిమిషాలు ఆగండి. మీ సర్టిఫికేషన్ లోతు దాటితే కవరేజి పోతుందా, చిన్న దీవి నుంచి రీకంప్రెషన్ ఛాంబర్ (పీడనం పెంచి డైవింగ్ జబ్బుకు చికిత్స చేసే గది) ఉన్న ఊరికి తరలించే ఖర్చు ఇస్తారా, ముందు మనం కట్టి తర్వాత రాబట్టుకోవాలా అన్నవి తేల్చుకోండి.

షోతో పాటు డైవింగ్ కూడా పెట్టుకుంటే డైవింగ్ ముందు, షో తర్వాత ఉండేలా చూసుకోండి. వరసగా కొన్ని రోజులు డైవ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవర్ల భద్రతా సంస్థ డ్యాన్ సూచన, ఒక్క డైవే అయితే 12 గంటలు.

10. డబ్బు, బిల్లు, కస్టమ్స్

కార్డుతో కట్టేటప్పుడు మిషన్ రూపాయల్లోనా, అక్కడి కరెన్సీలోనా అని అడుగుతుంది. అక్కడి కరెన్సీయే నొక్కండి, రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం. చాలా కార్డులు విదేశీ లావాదేవీ మీద 3.5 శాతం దాకా మార్కప్ వేసి, దానిమీద 18 శాతం జీఎస్టీ కలుపుతాయి. 1,000 డాలర్లకు 35 డాలర్ల మార్కప్, 6.30 జీఎస్టీ, మొత్తం 41.30 అదనం. మార్కప్ లేని కార్డు ఉంటే అదే తీసుకెళ్లండి.

సింగపూర్‌లో 2024 నుంచి జీఎస్టీ 9 శాతం. పర్యాటకుల రీఫండ్ పథకంలో ఉన్న దుకాణం దగ్గర 100 సింగపూర్ డాలర్లకు తగ్గకుండా కొంటే విమానాశ్రయంలో దాన్ని తిరిగి తీసుకోవచ్చు. అన్ని స్టాళ్లూ ఆ పథకంలో ఉండవు, కొనేముందే అడగండి, పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి. సామాను చెక్-ఇన్ చేసేముందే రీఫండ్ కౌంటరు చూసుకోవాలి, వస్తువు చూపించమంటారు.

శంషాబాద్‌లో దిగాక సుంకం లేకుండా తెచ్చుకునే పరిమితి ఒకటుంది. 2016 బ్యాగేజీ నిబంధనల్లో అది 50,000 రూపాయలుగా పెట్టారు. ఇలాంటి పరిమితులు, రేట్లు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారంలో కస్టమ్స్ బోర్డు సీబీఐసీ సైట్లో తాజా అంకె చూసుకోండి. భార్యాభర్తలిద్దరూ వచ్చినా ఇద్దరి పరిమితులూ కలిపి ఒకే వస్తువుకు వాడటం కుదరదు. పరిమితి దాటితే రెడ్ ఛానెల్ (సుంకం కట్టాల్సినవాళ్ల దారి), అసలు బిల్లు చేతిలో. ధర స్టిక్కర్లు పీకేసి, పాతదన్నట్టు కనిపించాలని గీతలు పెట్టి, గ్రీన్ ఛానెల్లో నడిచేవాళ్లుంటారు. దొరికితే సుంకంతో పాటు జరిమానా, వస్తువు స్వాధీనం. బిల్లు కాగితం మసకబారుతుంది, అందుకే అదే రోజు ఫోటో తీసుకోండి. వారంటీకి రేపు అదే కావాలి.

సూట్‌కేసు సర్దేటప్పుడు రెగ్యులేటర్, కంప్యూటర్, మాస్కు చేతి సంచిలో, ఫిన్స్, బీసీడీ, వెట్‌సూట్, కత్తి చెక్-ఇన్‌లో. బీసీడీలో గాలి పూర్తిగా తీసేసి సర్దండి.

11. ఇంటికొచ్చాక

మొదటి వారంలోనే వారంటీ ఆన్‌లైన్‌లో నమోదు చేయండి, కొన్ని కంపెనీలు గడువు పెడతాయి. కొత్త మాస్కు అద్దం లోపల తయారీ నాటి పలుచని పొర ఉంటుంది, దానివల్లే మంచు పట్టినట్టు మసకబారుతుంది. తెల్లటి మామూలు టూత్‌పేస్టు వేలితో రుద్ది కడగండి, రెండు మూడుసార్లు చేయాలి. జెల్ రకం పనిచేయదు. లోపల ముందే పూత ఉన్న మాస్కయితే రుద్దొద్దు, పూత పోతుంది.

రెగ్యులేటర్ని నేరుగా సముద్రానికి తీసుకెళ్లొద్దు. నగరంలో పూల్ శిక్షణ ఇచ్చే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర సిలిండర్‌కి తగిలించి, మధ్య పీడనం (ఫస్ట్ స్టేజి నుంచి సెకండ్ స్టేజికి వెళ్లే గాలి పీడనం) గేజీ పెట్టి చూడమనండి. చాలా మోడళ్లలో అది 9 నుంచి 10 బార్ దగ్గర ఆగి కదలకుండా ఉండాలి. మెల్లగా పెరుగుతూ పోతే ఫస్ట్ స్టేజి సీటు తేడా, వారంటీలో పంపేయండి. ఆ పూట బీసీడీలో గాలి నింపి అరగంట పక్కన పెడితే ఎక్కడైనా లీకుంటే అదీ బయటపడుతుంది.

పూల్ నుంచి వచ్చాక కడగడానికి బోరు నీళ్లు వాడకండి. మన దగ్గర బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, ఎండాక సెకండ్ స్టేజి లివరు మీద, బటన్ల చుట్టూ తెల్లగా పేరుకుంటుంది. కుళాయి మంచినీళ్లో, ఫిల్టరు నీళ్లో ఒక బకెట్ పట్టి నానబెట్టండి. డస్ట్ క్యాప్ ఆరబెట్టి బిగించాకే ముంచాలి, నీళ్లలో ఉండగా సెకండ్ స్టేజి మీది పర్జ్ బటన్ (గాలి బలంగా వదిలేది) నొక్కకూడదు. నొక్కితే నీళ్లు గొట్టం గుండా ఫస్ట్ స్టేజిలోకి పోతాయి. నీడలో ఆరేసి, గొట్టాలు పెద్ద చుట్టగా చుట్టి, కారు డిక్కీలో కాకుండా ఇంట్లో పెట్టండి. సర్వీసుకి పంపాల్సి వస్తే ఆగస్టులోనే కొరియర్ చేయండి, అక్టోబర్‌లో అండమాన్ సీజన్ మొదలయ్యేసరికి సర్వీసు సెంటర్లలో వరస పెరిగిపోతుంది.